గెలిచిన రోజే దిగిపోయినవాడు: హాన్స్ హెర్మన్ కథ



పోయిన నెల మా అక్కగారింట్లో సీమంతం జరిగింది. భోజనాలయ్యాక పిల్లలంతా టీవీ ముందు చేరి కార్ల రేసు చూస్తున్నారు. మా అక్క మనవడికి పదేళ్ళు. నా పక్కకొచ్చి, "తాతా, వీళ్ళు గెలిచాక కూడా మళ్ళీ మళ్ళీ ఎందుకు పోటీకి దిగుతారు? గెలిచేశారుగా, ఇంక చాలదా?" అని అడిగాడు. అప్పటికప్పుడు జవాబు తోచలేదు. ఇంటికొచ్చాక ఒక మనిషి గుర్తొచ్చాడు. తన జీవితంలో అతి పెద్ద రేసు గెలిచి, "ఇక చాలు" అనుకుని ఆ గెలుపుతోనే దిగిపోయిన జర్మన్ డ్రైవరు హాన్స్ హెర్మన్. ఆ పిల్లవాడికి చెప్పాల్సిన కథ మీ అందరికీ చెబుతున్నాను. కొంచెం పొడుగైంది, ఓపిగ్గా చదవండి.

హెర్మన్ 1928 ఫిబ్రవరి 23న స్టుట్‌గార్ట్ నగరంలో పుట్టాడు. మెర్సిడెస్, పోర్షే కార్లు తయారయ్యే ఊరు అది. కానీ ఆయన నేర్చుకున్న పని కార్లది కాదు, కేకులు, తీపి వంటకాలు చేసే పని. తల్లికి ఒక కాఫీ హోటలు ఉండేది. కొడుకు అది చూసుకుంటాడని ఆమె అనుకుని ఉంటుంది. 1952లో ఆయన సొంత పోర్షే 356 కారు వేసుకుని రేసుల్లోకి దిగాడు. మరుసటి ఏడాదే పోర్షే జట్టు కారులో ఫ్రాన్సులోని లెమాన్‌కు వెళ్ళాడు.

లెమాన్ అంటే ఏమిటో తెలియనివాళ్ళకు నాలుగు ముక్కలు. అది 24 గంటల రేసు. శనివారం మధ్యాహ్నం మొదలై ఆదివారం మధ్యాహ్నం ముగుస్తుంది. ఆ రోజుల్లో ఒక్కో కారుకు ఇద్దరు డ్రైవర్లు వంతులవారీగా నడిపేవారు. ఒక చుట్టు దాదాపు 13న్నర కిలోమీటర్లు, అందులో చాలా భాగం మామూలు రోజుల్లో లారీలు, బస్సులు తిరిగే రోడ్డే. రాత్రి చీకట్లో, వానలో, పొగమంచులో కూడా ఆగేది లేదు. ఒక్క చుట్టు వేగంగా కొట్టడం ఒక విద్య. కారును, ఒంటిని 24 గంటలు కాపాడుకుంటూ రావడం వేరే విద్య. హెర్మన్ ఈ రెండో విద్యలో మొనగాడు.

ఆయనకు జర్మనీలో ఒక ముద్దుపేరు ఉండేది, "హాన్స్ ఇమ్ గ్లుక్" అని. అంటే అదృష్టవంతుడైన హాన్స్. ఆ పేరు ఎందుకొచ్చిందో చూడండి.

1954లో ఇటలీలో మిల్లె మిల్యా అనే రేసు. వెయ్యి మైళ్ళు, ఊళ్ళ మధ్య నుంచి, మామూలు రోడ్ల మీద. హెర్మన్ పొట్టిగా, నేలకు ఆనుకున్నట్టుండే పోర్షే 550లో వెళుతున్నాడు, పక్క సీట్లో హెర్బర్ట్ లింగె. ఒక రైల్వే గేటు దగ్గరికొచ్చేసరికి గేటు పడుతోంది, రైలు వచ్చేస్తోంది. బ్రేకు వేస్తే కారు ఆగదు. హెర్మన్ లింగె హెల్మెట్ మీద చేత్తో ఒక్కటి చరిచి వంగమని సైగ చేశాడు. ఇద్దరూ తలలు దించుకున్నారు. కారు గేటు కర్ర కింద నుంచి దూరి రైలు ముందు నుంచి అవతలికి పోయింది. ఆ రేసులో వాళ్ళ తరగతిలో వాళ్ళే మొదటివాళ్ళు.

అదే ఏడాది మెర్సిడెస్ ఆయన్ను ఫార్ములా వన్ జట్టులోకి తీసుకుంది. ఫాంజియో లాంటి మహానుభావుడు నడిపే జట్టు. ఫ్రాన్సులో జరిగిన మొదటి రేసులోనే అందరికంటే వేగమైన చుట్టు హెర్మన్‌దే. స్విట్జర్లాండులో మూడో స్థానం వచ్చింది. కానీ 1955లో మొనాకోలో సాధన చేస్తుండగా కారు అదుపు తప్పింది. బాగా దెబ్బలు తగిలాయి, ఆ ఏడాదంతా మంచాన పడ్డట్టే. ఆయన ఇలా ఉండగానే జూన్ 11న లెమాన్‌లో ఒక మెర్సిడెస్ కారు జనం మీదకు ఎగిరిపడి 80 మందికి పైగా చనిపోయారు. ఆ ఏడాది చివర మెర్సిడెస్ రేసులే మానేసింది.

ఇక 1959 ఆగస్టులో బెర్లిన్, ఆవుస్ ట్రాకు. ముందు రోజే అక్కడ ఫ్రెంచి డ్రైవరు జాన్ బెరా పోర్షే కారులో వెళుతూ చనిపోయాడు. మర్నాటి రేసులో హెర్మన్ నడిపే బీఆర్ఎం కారు బ్రేకులు పోయాయి. కారు పల్టీలు కొట్టింది, ఆయన బయటికి విసిరేసినట్టు రోడ్డు మీద పడ్డాడు. కారు తునాతునకలు, మనిషికి మాత్రం పెద్ద దెబ్బలేమీ లేవు. ఆ ఫోటో ప్రపంచమంతా పత్రికల్లో వచ్చింది. అదృష్టవంతుడనే పేరు అలా స్థిరపడింది.

అయితే అదృష్టం ఒక్కటే ఉంటే 18 ఏళ్ళు రేసుల్లో నిలవలేరు. ఆయన సాధించినవి చూడండి. 1960లో అమెరికాలో సెబ్రింగ్ 12 గంటల రేసు, బెల్జియం డ్రైవరు ఒలివియే జాన్‌దెబియాన్‌తో కలిసి. పోర్షేకు అక్కడ అది తొలి గెలుపు. అదే ఏడాది సిసిలీ కొండదారుల్లో టార్గా ఫ్లోరియో, స్వీడన్ డ్రైవరు యో బోనియర్‌తో కలిసి. మధ్యలో నాలుగేళ్ళు ఇటలీ కంపెనీ అబార్త్‌కు నడిపి, 1966లో మళ్ళీ పోర్షే గూటికి చేరాడు. 1968లో డేటోనా 24 గంటల రేసు గెలిచిన కారును నడిపిన ఐదుగురిలో ఆయనొకడు. కొద్ది వారాలకే సెబ్రింగ్ మళ్ళీ గెలిచాడు, ఈసారి స్విస్ డ్రైవరు జో సిఫెర్ తోడుగా.

అన్నీ వచ్చాయి గాని, లెమాన్ మాత్రం రాలేదు. ఆయనకే కాదు, పోర్షే కంపెనీకీ రాలేదు. 1951 నుంచి వస్తూ చిన్న ఇంజన్ల తరగతుల్లో గెలుస్తూనే ఉన్నారు. మొత్తం మీద మొదటి స్థానం మాత్రం అందలేదు.

1969లో అంతా అందినట్టే అయింది. ఆ ఏడాది మొదటి చుట్టులోనే జాన్ వూల్ఫ్ అనే డ్రైవరు చనిపోయాడు. అప్పటి పద్ధతి ప్రకారం డ్రైవర్లు రోడ్డుకు అవతల నిలబడి, జెండా ఊపగానే పరుగెత్తి కార్లెక్కి బయల్దేరాలి. తొందరలో బెల్టు పెట్టుకోరు. వూల్ఫ్ కూడా పెట్టుకోలేదు. ఈ పద్ధతి తప్పని చూపించడానికి బెల్జియం కుర్రాడు జాకీ ఇక్స్ పరుగెత్తకుండా తాపీగా నడిచి వెళ్ళి, బెల్టు పెట్టుకుని, అందరికంటే ఆఖర్న బయల్దేరాడు.

మర్నాడు చివరి గంటలకు మిగిలింది ఇద్దరు. ఫోర్డ్ కారులో ఇక్స్, పోర్షే 908లో హెర్మన్. ఒకరికి 24 ఏళ్ళు, ఒకరికి 41. ఒక చుట్టులో ఇతను ముందు, మరో చుట్టులో అతను ముందు. అప్పటికే హెర్మన్ కారు బ్రేకులు నమ్మదగ్గ స్థితిలో లేవు. దాదాపు 5,000 కిలోమీటర్లు పరుగెత్తాక ఇద్దరి మధ్య తేడా సుమారు 120 మీటర్లు. ఇక్స్ గెలిచాడు. మన సంఘం కల్యాణ మంటపం గేటు నుంచి వీధి మలుపు దాకా ఉండే దూరం కోసం ఒక రాత్రి, ఒక పగలు కష్టం పోయింది.

ఓడినదాని కంటే పెద్ద దెబ్బ ఆగస్టులో తగిలింది. పోర్షే జట్టులో తోటి డ్రైవరు గెర్‌హార్డ్ మిట్టర్ నూర్‌బుర్గ్‌రింగ్‌లో సాధన చేస్తూ చనిపోయాడు. అక్కడ జరిగే జర్మన్ గ్రాండ్ ప్రీకి హెర్మన్ కూడా పేరిచ్చి ఉన్నాడు. పేరు వెనక్కి తీసుకున్నాడు. ఇంట్లో భార్య మాగ్దలేనా ఇలాంటి వార్తలు ఎన్ని విని ఉంటుంది! ప్రతి ఫోను మోతకూ గుండె ఆగినట్టయ్యే బతుకు ఆమెది.

1970 జూన్‌లో లెమాన్‌కు బయల్దేరేటప్పుడు వాళ్ళిద్దరి మధ్య ఒక మాట జరిగింది. ఈసారి గెలిస్తే రేసులు మానేయాలని ఆమె, సరేనని ఆయన. గెలుస్తాననే నమ్మకం ఆయనకు పెద్దగా ఉండి ఉండదు. ఎందుకంటే వాళ్ళది గెలిచే కారులా లేదు.

కారు పోర్షే 917, ఎరుపు మీద తెలుపు చారలు, 23వ నంబరు. ఆస్ట్రియాలోని పోర్షే సాల్జ్‌బుర్గ్ జట్టుది. తోటి డ్రైవరు ఇంగ్లండుకు చెందిన రిచర్డ్ అట్‌వుడ్. మిగతా బలమైన జట్లు 4.9 లీటర్ల కొత్త ఇంజను తీసుకుంటే, అట్‌వుడ్ పాత 4.5 లీటర్లదే చాలన్నాడు. గేర్లు కూడా ఐదు కాదు, నాలుగే చాలన్నాడు. వేగం తక్కువైనా గట్టిగా నిలుస్తుందని లెక్క. తోడుగా హెర్మనే కావాలని అడిగిందీ ఆయనే. అర్హత పోటీలో వాళ్ళకు 15వ స్థానం వచ్చింది.

జూన్ 13న రేసు మొదలైంది. ఇక్స్ నిరసన ఫలించింది, ఆ ఏడాది డ్రైవర్లంతా బెల్టులు పెట్టుకుని కార్లలో కూర్చునే బయల్దేరారు. సాయంత్రానికే వాన పట్టుకుంది. నాలుగు ఫెరారీలు ఒకే ప్రమాదంలో పోయాయి. రోడ్రిగెజ్ కారు ఇంజను పోయింది. ముందున్న సిఫెర్ గేరు తప్పు వేయడంతో ఆయన ఇంజనూ పోయింది. నాలుగు గేర్లు చాలన్నవాళ్ళ లెక్క అక్కడ పనికొచ్చింది. రాత్రి నడుమ ఎర్ర కారు మొదటి స్థానానికి వచ్చింది. అట్‌వుడ్‌కు ఒంట్లో బాగాలేదు, గొంతు దిగక పాలు తాగుతూ నెట్టుకొచ్చాడు. గవదబిళ్ళలని తర్వాత తేలింది. హెర్మన్ చీకట్లో, నీళ్ళు నిలిచిన రోడ్డు మీద, ఎక్కడా తొందరపడకుండా నడిపాడు.

51 కార్లు బయల్దేరితే ఆఖరికి ఫలితాల పట్టికకు ఎక్కినవి ఏడే. 343 చుట్లు తిరిగి, రెండో కారుకంటే ఐదు చుట్లు ముందు, హెర్మన్, అట్‌వుడ్ గెలిచారు. 19 ఏళ్ళుగా పోర్షే ఎదురుచూసిన గెలుపు అది. ఆ తర్వాత ఆ కంపెనీ లెమాన్‌లో ఇంకెవరికీ లేనన్ని గెలుపులు సాధించింది. వాటన్నిటికీ మొదటిది ఇదే.

ఇక్కడ అసలు సంగతి. 42 ఏళ్ళ వయసు. చేతిలో ఒప్పందం ఉంది, ఊపు ఉంది. ప్రపంచంలోకెల్లా మంచి కారు ఆ ఏడాది 917. ఎవరైనా "ఇంకొక్క ఏడాది" అంటారు. హెర్మన్ జట్టును అడిగి ఒప్పందం నుంచి బయటపడ్డాడు. భార్యకిచ్చిన మాట ప్రకారం రేసులు మానేశాడు. కార్లకు కావలసిన సామగ్రి అమ్మే వ్యాపారం పెట్టుకుని బాగుపడ్డాడు. ముసలితనంలో కూడా పోర్షే వేడుకలకు వెళ్ళి పాత కార్లు నడిపి చూపించేవాడు.

ఆయనతో సీటు పంచుకున్నవాళ్ళ సంగతి ఇప్పుడు చూడండి. సెబ్రింగ్‌లో తోడున్న సిఫెర్ 1971 అక్టోబరులో ఇంగ్లండులో చనిపోయాడు. రోడ్రిగెజ్ అంతకు మూడు నెలల ముందు జర్మనీలోనే పోయాడు. టార్గా ఫ్లోరియోలో తోడున్న బోనియర్ 1972లో అదే లెమాన్ రోడ్డు మీద పోయాడు. డేటోనాలో తోడున్న రోల్ఫ్ స్టొమ్మెలెన్ 1983లో అమెరికాలో పోయాడు. వీళ్ళెవరూ హెర్మన్‌కంటే తక్కువవాళ్ళు కారు. సిఫెర్, రోడ్రిగెజ్ అయితే వేగంలో ఆయనకంటే ఎక్కువే. జాన్‌దెబియాన్ మాత్రం 1962లో నాలుగోసారి లెమాన్ గెలిచి తనంతట తానే తప్పుకున్నాడు.

"అదృష్టవంతుడైన హాన్స్" అనే పేరు గ్రిమ్ సోదరుల జానపద కథలోది. ఆ కథలో హాన్స్ ఏడేళ్ళు కూలి చేసి తలకాయంత బంగారు ముద్ద సంపాదిస్తాడు. ఇంటికి పోతూ దారిలో దాన్ని గుర్రానికి, గుర్రాన్ని ఆవుకు, ఆవును పందికి, పందిని బాతుకు, బాతును సానరాయికి మార్చుకుంటాడు. ఆఖరికి ఆ రాయి బావిలో పడిపోతుంది. బరువు దిగిందని సంతోషంగా తల్లి దగ్గరికి చేరతాడు. చిన్నప్పుడు వింటే వెర్రివాడి కథ అనిపిస్తుంది. ఈ డ్రైవరు కథ తెలిశాక నాకు అలా అనిపించడం లేదు. గేటు కర్ర కింద నుంచి దూరి బతకడం అదృష్టమే. బంగారు ముద్ద చేతికొచ్చిన రోజు దాన్ని దింపుకుని ఇంటికి నడవడం మాత్రం అదృష్టం కాదు, నిర్ణయం.

మా నాన్నగారు హోసూరు నుంచి మద్రాసుకు రాత్రిళ్ళు లారీ నడిపేవారు. "ఈ దసరాతో మానేస్తా" అని ఎన్ని దసరాలకు అన్నారో లెక్కలేదు. ఆఖరికి కంటిచూపు మందగించాక అమ్మ తాళాలు దాచేసింది. ఆయనకు కోపం వచ్చింది, అమ్మకు నిద్ర వచ్చింది. మన సంఘంలో డ్రైవర్లున్నారు, రాత్రి డ్యూటీల వాళ్ళున్నారు, డెబ్బై దాటినా కొట్టు షట్టరు తామే ఎత్తాలనేవాళ్ళూ ఉన్నారు. వాళ్ళ ఇళ్ళలో ఎవరో ఒకరు మాగ్దలేనాలా మేలుకుని ఉంటారు.

పిల్లవాడికి నా జవాబు ఇది: "నాయనా, చాలామందికి చాలదు. చాలు అని చెప్పినవాడు ఒకడున్నాడు, వాడి పేరు హాన్స్."

మీ ఇళ్ళలో ఇలా సమయానికి దిగి వచ్చిన పెద్దలెవరైనా ఉంటే కింద రాయండి. వచ్చే వారం మళ్ళీ కలుద్దాం.