బస్తర్ కొండ గోరింక: పలుకే ప్రాణం మీదికి తెచ్చిన పక్షి

మన ఊళ్లలో పొలం గట్ల మీద తిరిగే గోధుమ రంగు గోరింక అందరికీ తెలిసిందే. దాని అడవి చుట్టమే బస్తర్ కొండ గోరింక. అక్కడ ‘పహాడీ మైనా’ అంటారు. 2000లో ఏర్పడిన ఛత్తీస్‌గఢ్ దీన్నే రాష్ట్ర పక్షిగా ఎంచుకుంది. గ్రాక్యులా రెలిజియోసా పెనిన్సులారిస్ అనే ఈ ఉపజాతి ఒడిశా, ఉత్తరాంధ్ర కొండల్లోనూ ఉంది.

పొడవు దాదాపు అడుగు. ఒళ్లంతా నిగనిగలాడే నలుపు, ఎండ పడితే ఊదా, ఆకుపచ్చ మెరుపు. ముక్కు నారింజ రంగు, కాళ్లు పసుపు. కంటి కింద నుంచి మెడ వెనక్కి ఈకల్లేని పసుపు తోలు మడతలు ఉంటాయి. ఎగిరితే రెక్కల్లో తెల్ల మచ్చ కనిపిస్తుంది.

జగ్దల్‌పూర్ సమీపంలో 1982లో ఏర్పాటైన కాంగేర్ లోయ జాతీయ పార్కు దీనికి ముఖ్య స్థావరం. విస్తీర్ణం 200 చదరపు కిలోమీటర్లు. ఈ పక్షి నేల మీదికి దిగడం అరుదు. మర్రి, రావి, మేడి లాంటి చెట్ల పండ్లు, పూల తేనె, పురుగులు దీని ఆహారం. తిన్న పండ్ల గింజలను అడవంతా చల్లేదీ ఇదే.

పండ్ల చెట్టు దగ్గర గుంపుగా చేరినా, గూటి కాలంలో ఎవరి జంట వారిదే. ఎత్తయిన చెట్ల తొర్రల్లో, ఎక్కువగా వడ్రంగి పిట్టలు తొలిచి వదిలేసిన వాటిలో, రెండు మూడు నీలి గుడ్లు పెడుతుంది. పిల్లల్ని ఆడా మగా కలిసే సాకుతాయి.

పంజరంలో మనిషి మాటను అచ్చంగా దించేసే ఈ పక్షి అడవిలో వేరే జాతుల కూతలను అనుకరించదు. ఇరుగుపొరుగు కొండ గోరింకల నుంచే కూతలు నేర్చుకుంటుంది, అదీ ఆడది ఆడవాటి నుంచి, మగది మగవాటి నుంచి. అందుకే కొద్ది కిలోమీటర్లు దాటితే యాస మారిపోతుంది! మనుషులు మోజుపడింది మాత్రం ఆ పంజరం పలుకుకే. పిల్లల్ని తొర్రల్లోంచి తీసి అమ్మడం దీన్ని బాగా దెబ్బతీసింది. వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద ఇప్పుడది నేరం. తొర్రలున్న పాత చెట్లు పోవడం రెండో దెబ్బ. ఎండు మాను పనికిరానిదని కొట్టేస్తే ఒక జంటకు ఇల్లు పోయినట్టే.

జగ్దల్‌పూర్‌లో పంజరాల్లో పెంచి సంతతి పెంచాలని చూశారు. ఆడా మగా చూడటానికి ఒకేలా ఉంటాయి కాబట్టి జత కలపడమే పెద్ద చిక్కయింది. ఏళ్లు గడిచినా ఫలితం రాలేదు. ఇప్పుడు దృష్టి అడవి వైపే మళ్లింది. చుట్టుపక్కల గ్రామాల యువకులు ‘మైనా మిత్ర’లుగా గూళ్లను గుర్తించి కాపలా కాస్తున్నారు.