కొండనాలుక – గుఱక

కొండనాలుకకు మందు వేయబోగా నున్న నాలుక యూడినదను సామెత మన యిండ్లలో తఱచుగా వినబడుచుండును. దానిని పరిహాసమునకు వాడుదుమే గాని, గొంతు శస్త్రచికిత్స చరిత్రలో పెద్దభాగమా మాటలో నిమిడియున్నదని తలంపము.

మెత్తని యంగిటి చివర వ్రేలాడు నీ చిన్న కండ వాచి సాగుటను సుశ్రుతసంహిత గలశుండిక యని పేర్కొని, చికిత్సాస్థానమున శస్త్రక్రియను విధించినది. కండను పట్టి ముందునకు లాగి, మండలాగ్రమను కత్తితో మూడవ భాగమును మాత్రమే కోయవలెను. ఎక్కువ కోసిన రక్తము స్రవించి రోగి మరణించును. తక్కువ కోసిన వాపు, చొంగ, నిద్ర, భ్రమ కలుగును. ఇచ్చట నిద్రయను మాట చూచి, నేటి వైద్యులు చెప్పు నిద్రాశ్వాసరోధమును మనవారు నాడే కనుగొనిరని చాటింపు వేయుట నాకు సమ్మతము గాదు. కత్తి పట్టినవానికి హద్దు చెప్పిన యా వివేకమే చాలును.

తరువాత క్లోరోఫారము వచ్చినది. దానితో నూపిరి భయమును వచ్చినది. ఆ మందు గుండెను ఆపి ప్రాణము తీయునా, ఊపిరిని ఆపి తీయునా యను వివాదము 1888, 1889 సంవత్సరములలో మన హైదరాబాదుననే పరీక్షకు వచ్చెను. నిజాము ధనమిచ్చెను, రెసిడెన్సీ వైద్యుడు ఎడ్వర్డ్ లారీ పూనుకొనెను, రెండవ పరిశోధక సంఘమునకు లండను నుండి లాడర్ బ్రంటన్ వచ్చెను. నాడిని గాక యూపిరిని కనిపెట్టుడని లారీ బోధ. గుండెకు నేరుగా హాని లేదన్న యతని పట్టుదల నిలువలేదు. 1911లో లీవీ పరిశోధన దానిని త్రోసిపుచ్చినది. ఊపిరిపై చూపు నిలుపుమన్న మాట మాత్రము నేటికిని చెల్లుచున్నది.

నిద్రలో కండరములు సడలి నాలుకయు నంగిలియు వెనుకకు జాఱగా గొంతు ఇఱుకగును. అప్పుడు గుఱక పుట్టును. దారి పూర్తిగా మూసికొని పది సెకనులైన నూపిరి యాగినచో దానిని శ్వాసరోధమందురు. 1969 ప్రాంతమున దీనికి గొంతు క్రింద రంధ్రము చేయుటయే చికిత్స. 1981లో ఫుజిటా కొండనాలుకను, అంగిటి యంచును తీసివేయు శస్త్రక్రియను ప్రకటించెను. ఆ యేడే ఆస్ట్రేలియాలో కాలిన్ సలివన్, ముక్కునకు తొడుగమర్చి గాలి యొత్తిడితో దారి తెఱచి యుంచవచ్చునని చూపెను. అడ్డు నాలుక వెనుక నున్నవానికి కొండనాలుక కోసిన ఫలమేమి? ఇచ్చట మన సామెత జ్ఞప్తికి రాక మానదు. అందుచే నేటి వైద్యుడు ముందుగా రాత్రి నిద్రను యంత్రములతో పరీక్షించును. కోయదలచినచో మత్తులో సన్నని దూరదర్శనియంత్రమును లోనికి పంపి అడ్డెచ్చటనో చూచును. గవదబిళ్లలు పెరిగిన పిల్లలలో మాత్రము వానిని తీయుటచే పెక్కుమందికి మేలగుచున్నది.

పటాన్‌చెరు, సంగారెడ్డి ప్రాంతపు కర్మాగారములలో రాత్రి షిఫ్టు చేసివచ్చి పగలు పండుకొను కార్మికుని గుఱక విని యింటివారు గాఢనిద్ర యనుకొందురు. అతడు యంత్రము కడ కునికిన సోమరి యందురు. బొంబాయి దారిలో లారీ నడుపువాడు కన్నుమూసిన క్షణమున నేమగునో చెప్పనేల? స్త్రీ గుఱక పెట్టుట సిగ్గని దాచువారు మఱియు దురదృష్టవంతులు. ఈ రోగము రోగికి తెలియదు. నిద్రించువాడు తన్ను తాను చూడలేడు గదా. గుఱక తటాలున నాగుట, కొంతసేపు నిశ్శబ్దము, పిమ్మట నుక్కిరిబిక్కిరియై లేచుట - దీనిని చూచినది ప్రక్కన మేల్కొనియున్న యిల్లాలే. వైద్యుని యెదుట భర్త వెనుక మౌనముగా నిలువక, తాను చూచినది ఆమెయే చెప్పవలెను.