ఆంధ్రేతిహాస పరిశోధక మండలి: పుట్టుపూర్వోత్తరాలు

కాణిపాకంలో బాహుదా నది ఒడ్డున, వరసిద్ధి వినాయకాలయ సముదాయంలో ఉన్న మణికంఠేశ్వరాలయాన్ని మొదటి కులోత్తుంగ చోళుడు కట్టించాడని స్థలచరిత్ర చెబుతుంది. ఆ కులోత్తుంగుడు రాజమహేంద్రవరాన్ని ఏలిన తూర్పు చాళుక్య ప్రభువు రాజరాజనరేంద్రుని కుమారుడు, తల్లి అమ్మంగదేవి వైపు నుంచి రాజేంద్ర చోళునికి దౌహిత్రుడు. కాబట్టి తండ్రి పట్టాభిషేకపు తొమ్మిది వందల ఏళ్ల ఉత్సవంతో పుట్టిన ఆంధ్రేతిహాస పరిశోధక మండలికీ, కొడుకు పేరు చెప్పుకొనే ఈ ఊరికీ చుట్టరికం ఉన్నట్టే. ఆలయం పదకొండో శతాబ్ది ఆరంభం నాటిదన్న ప్రచారం మాత్రం నిలవదు. కులోత్తుంగుడు చోళ సింహాసనమెక్కింది 1070లో గనుక, కట్టడం ఆయనదే అయితే ఆ శతాబ్ది చివరి భాగానికో తరువాతికో దాన్ని జరపవలసి ఉంటుంది. విజయనగర రాజులు ఆలయాన్ని విస్తరించారని చెప్పే 1336, ఆ రాజ్యం స్థాపితమైందని సంప్రదాయం చెప్పే ఏడు కూడా అదే కావడం వల్ల, మరింత అనుమానాస్పదం.

ఇటువంటి కాలనిర్ణయాలను శాసనాలతో, అంటే రాతిమీదా రాగిరేకులమీదా చెక్కించిన రాజాజ్ఞలతో, దానపత్రాలతో సరిచూడడమే మండలి చేపట్టిన పని. రాజరాజనరేంద్రుని పట్టాభిషేకం శకవర్షం 944లో, అనగా క్రీ.శ. 1022లో జరిగిందని కోరుమిల్లి తామ్రశాసనం వల్ల తెలుస్తున్నది. దానికి తొమ్మిది వందల ఏళ్లు నిండిన 1922లో రాజమహేంద్రవరంలో ఏర్పడిన ఈ సంస్థకు 'ఆంధ్రుల చరిత్రము' కర్త చిలుకూరి వీరభద్రరావు, భావరాజు వెంకట కృష్ణారావు, రాళ్లబండి సుబ్బారావు వంటివారు అండగా నిలిచారు. పట్టాభిషేక సంచికతో మొదలైన ప్రచురణ కళింగ సంచిక (1930), కాకతీయ సంచిక (1935), రెడ్డి సంచిక (1947)లతో కొనసాగింది. సంచిక అంటే ఒక రాజవంశాన్నో దేశభాగాన్నో గురించి పలువురు పండితులు రాసిన వ్యాసాలను ఒకచోట కూర్చిన గ్రంథం. 1926 నుంచి వెలువడిన ఆంగ్ల పత్రిక ఈ పరిశోధనలను తెలుగు రానివారి ముందుకూ తీసుకుపోయింది.

మండలి ప్రదర్శనశాల ఈ రాతపనికి అవసరంగా పుట్టినదే తప్ప వేడుకకు ఏర్పరచినది కాదు. పొలం దున్నేటప్పుడో పునాది తవ్వేటప్పుడో బయటపడే రాగిరేకులను, జారీ చేసిన నాడే ఒక కడియానికి గుచ్చి, దాని అతుకుమీద రాజముద్ర వేసి ఉంచేవారు. తూర్పు చాళుక్యుల ముద్రమీద వరాహమూ 'త్రిభువనాంకుశ' అన్న బిరుదూ కనిపిస్తాయి. రేకులమీది అక్షరాలను కాగితంపై అచ్చు తీసుకొని చదివినా, సందేహం వచ్చినప్పుడు మూలాన్నే మళ్లీ చూడవలసి వస్తుంది. అటువంటి మూలాలు కరిగించే కంసాలి పాలుగానీ, 1851 నుంచి ఉన్న మద్రాసు ప్రదర్శనశాల పాలుగానీ కాకుండా దొరికిన సీమలోనే నిలవాలన్న పట్టుదలే మండలి సేకరణలకు విలువ తెచ్చింది. 1967లో ప్రభుత్వం స్వీకరించిన ఆ ప్రదర్శనశాల గోదావరి ఒడ్డున రాళ్లబండి సుబ్బారావు పేరుతో నడుస్తున్నది.

కాణిపాకం వైపున్న తిరుపతి ప్రాంతంలో శాసనాల కథ వేరే దారిన సాగింది. అక్కడి శాసనాలలో ఎక్కువ భాగం ఆలయ గోడలలో అంతర్భాగం కావడంచేత వాటిని తెచ్చి ఒక గదిలో పెట్టే వీలు లేక, సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి వంటి పండితుల కృషితో దేవస్థానం 1930ల్లో సంపుటాలుగా అచ్చువేయించింది. చంద్రగిరి కోటలోని రాజమహలు మాత్రం, కేంద్ర పురావస్తు శాఖ నిర్వహణలో, శిల్పాలనూ లోహ విగ్రహాలనూ దాచిన ప్రదర్శనశాల అయింది.