బ్రహ్మసమాజం కర్మకాండను వదిలేసిందా?

"బ్రహ్మసమాజం కర్మకాండను తిరస్కరించి వ్యక్తిగత ఆధ్యాత్మికతకు పెద్దపీట వేసింది." పోయిన నెల మాక్ టెస్టులో నేను రాసిన వాక్యం ఇది. మనలో చాలామంది ఇదే రాస్తాం. పదికి మూడున్నర వచ్చింది. పక్కన ఎర్ర సిరాతో ఒకే ప్రశ్న: "మరి 1872 చట్టం ఎందుకు కావాల్సి వచ్చింది?" ఆ ప్రశ్న పట్టుకుని చదివితే నాకు అర్థమైంది ఇదీ: పూజ మానేయడం తేలికే, చిక్కంతా పెళ్లి దగ్గర, చావు దగ్గర.

రామమోహన్ రాయ్ 1828లో బ్రహ్మసభ పెట్టారు. 1830 నాటి ట్రస్టు దస్తావేజు ప్రకారం ప్రార్థన మందిరంలో విగ్రహం ఉండకూడదు, బలి ఇవ్వకూడదు. కానీ ఆ సభలో వేదం చదివింది ఇద్దరు తెలుగు బ్రాహ్మణులు. అదీ పక్క గదిలో, బ్రాహ్మణేతరులను లోపలికి రానివ్వకుండా! (మన పాఠ్యపుస్తకాల్లో ఈ ముక్క ఎందుకు ఉండదో.) 1833లో బ్రిస్టల్‌లో చనిపోయేనాటికి రాయ్ ఒంటి మీద జంధ్యం అలాగే ఉంది.

దీన్ని కపటం అనేయొచ్చు. నాకు అలా అనిపించదు. కులం పోయిందని తేలితే ఆ రోజుల్లో వారసత్వపు ఆస్తికి కూడా ముప్పే. ఆ ముప్పు తప్పించే చట్టం 1850లో గానీ రాలేదు.

దేవేంద్రనాథ్ ఠాగూర్ ఇంకో అడుగు వేశారు. 1846లో తండ్రి ద్వారకానాథ్ లండన్‌లో చనిపోతే, విగ్రహపూజ కలిసిన శ్రాద్ధం పెట్టనన్నారు. బంధువులు దూరమయ్యారు. నేను ఇది చదివిన వారంలోనే మా తాతయ్య తద్దినం వచ్చింది. నాకు నమ్మకం లేదు. అయినా నాన్న పిలిస్తే వెళ్లి కూర్చున్నాను. దేవేంద్రనాథ్ చేసిన పని ఎంత కష్టమో అక్కడ తెలిసింది.

1861లో ఆయన కూతురు సుకుమారి పెళ్లి సాలగ్రామం లేకుండా జరిపించారు. గమనించండి, తంతు మానలేదు, కొత్త తంతు రాసుకున్నారు. అయితే పాత పద్ధతిలో జరగని పెళ్లి చెల్లుతుందా? ప్రభుత్వ అడ్వొకేట్ జనరల్‌ను అడిగితే చెల్లదన్నారు. అంటే భార్య హక్కు, పిల్లల వారసత్వం అన్నీ గాలిలో దీపమే.

జంధ్యం ఉన్నవాళ్లు వేదిక ఎక్కకూడదంటూ గొడవపడి 1866లో విడిపోయిన కేశవచంద్ర సేన్, ఈ చట్టం కోసం పట్టుబట్టారు. అలా వచ్చిందే 1872 మూడో చట్టం. వధువుకు కనీసం 14 ఏళ్లు, వరుడికి 18 ఏళ్లు ఉండాలి. ఇద్దరూ తాము హిందువులం కామని, ముస్లింలం కామని, క్రైస్తవులం కామని... ఇలా వరసగా ప్రకటించాలి. దేవేంద్రనాథ్ వర్గం దీన్ని ఒప్పుకోలేదు. మేం హిందువులమే, విగ్రహం వద్దన్నాం అంతే అన్నది వాళ్ల వాదన.

తర్వాత జరిగింది మరీ విచిత్రం. 1878 మార్చిలో కేశవచంద్ర సేన్ తన కూతురు సునీతిని కూచ్ బిహార్ మహారాజుకిచ్చి పెళ్లి చేశారు. ఆమెకు 14 నిండలేదు, అతనికి 16 కూడా నిండలేదు. పైగా హిందూ తంతు. చట్టం తెప్పించిన మనిషి ఇంట్లోనే ఇలా జరగడంతో శిష్యులు భరించలేకపోయారు. అదే ఏడాది మే 15న సాధారణ బ్రహ్మసమాజం పుట్టింది.

1954 ప్రత్యేక వివాహ చట్టంలో ఆ "హిందువులం కాము" ప్రకటన లేదు. కానీ 1955 హిందూ వివాహ చట్టం ఏడో సెక్షన్‌లో తంతు ఉండిపోయింది. ఆ తంతు జరగకుండా తెచ్చుకున్న సర్టిఫికెట్‌తో హిందూ వివాహం అయినట్టు కాదని సుప్రీంకోర్టు 2024లో చెప్పింది. ఉమ్మడి పౌరస్మృతి మీద ప్రశ్న వస్తే, 1872 నుంచి మొదలుపెట్టి చూడండి.