డోలీ, జోళిగె, ఝోళీ: కొండ మీంచి మనిషిని దించిన చరిత్ర

మన కోలారు, చిక్కబళ్ళాపురం వైపు తెలుగిండ్లల్లో కొండ చరిత్ర అంటే కోట చరిత్రే. నందిదుర్గం ఎత్తు 1478 మీటర్లు. 1791 అక్టోబరులో కార్న్‌వాలిస్ సైన్యం దాన్ని టిప్పు సుల్తాను చేతిలోంచి లాక్కునింది. అదే ఏడు డిసెంబరులో మాగడి దగ్గర సావనదుర్గ కూడా పడింది. ఎవరు ఎక్కినారు, ఎవరు గెలిచినారు అనేది కన్నడ బడిలో మేమూ చదువుకున్నాము. కొండ మీద కాలు విరిగినవాణ్ణి కిందికి ఎవరు దించినారో మాత్రం మా పాఠాల్లో లేదు. ఈసారి ఆ సంగతే రాస్తున్నాము.

ముందు మాట చూడండి. పాడేరు మన్యంలో రోడ్డు లేని గూడేల నుంచి నిండు చూలాళ్లను, జబ్బు మనుషులను ఇప్పటికీ డోలీలో మోసుకొస్తారు. పొడుగాటి కర్రకు దుప్పటి కట్టి, మనిషిని అందులో ఉంచి, ముందొకరు వెనకొకరు భుజాన ఎత్తుకుంటారు. కర్ణాటక మలెనాడులో దీన్నే జోళిగె అంటారు. సహ్యాద్రి మరాఠీ ఊళ్లల్లో ఝోళీ. భాషలు మూడైనా పని ఒకటే. పేపర్లలో రెస్క్యూ అనే మాట రాకముందే ఈ పని ఉంది. చేసేవాళ్లు ఆ ఊరివాళ్లే.

సరదాకు కొండలెక్కడం తర్వాత వచ్చింది. బడిలో మాకు నేర్పిన కన్నడ మాట చారణ. ఇంట్లో దానికి మాట లేదు. తిరునాళ్లకో కట్టెలకో తప్ప కొండెక్కని మా అవ్వ, "ఊరికే ఎక్కి ఊరికే దిగేదానికి అంత దూరం పోతారా?" అని అడిగేది.

ఉద్యోగం వల్ల మా ఇంటి నుంచి ఇద్దరం కొన్నేండ్లు పుణెలో ఉన్నాము. అక్కడ శివాజీ కోటలు ఎక్కడం చిన్నపిల్లలకు కూడా అలవాటు. ఎక్కేవాళ్లు ఎక్కువైతే జారేవాళ్లూ ఉంటారు. అందుకే లోణావళా, ఖోపోలీ, మహాబళేశ్వర్ లాంటి చోట్ల కొండలు తెలిసినవాళ్లే జట్లు కట్టుకున్నారు. జీతం లేదు. మేము చేరిన చిన్న జట్టులో ఒక బడి పంతులు, ఒక ఎలక్ట్రీషియను, ఒక హోటలాయన ఉండేవాళ్లు. మాది సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. ఏది ఎక్కడ తెగుతుందో ముందే వెతకడం మా పని. ఒకరు వేసిన ముడిని ఇంకొకరు చూడందే తాడు మీద బరువు పెట్టకూడదనే నియమం మాకు తొందరగానే వంటబట్టింది.

ఫోను ఎక్కువగా వానాకాలంలో, ఆదివారం సాయంత్రం వచ్చేది. మొదటి ప్రశ్న: ఎక్కడ ఉన్నారు? రెండోది: ఫోన్లో ఛార్జింగ్ ఎంత ఉంది? ఇద్దరు ముగ్గురు మందుల సంచీతో ముందు పోతారు. వెనకాల తాళ్లు, స్ట్రెచర్ వస్తాయి. వెన్నెముకకు దెబ్బ తగిలిందేమో అనే అనుమానం ఉంటే, కదలకుండా కట్టేదాకా మనిషిని లేపరు. ఆరుగురు మోస్తారు, కొన్ని నిమిషాలకే చేతులు మారాలి. ఏటవాలులో వెనక నుంచి తాడుతో బిగబట్టి వదులుతారు. గంటలో ఎక్కిన దారి దిగడానికి నాలుగైదు గంటలు పట్టేది. ప్రతిసారీ ముందు నడిచింది మాత్రం ఆ ఊరి మనిషే. చీకట్లో కాలిబాట ఆయనకే తెలుసు.

2018 జులై 28న పోలాద్‌పూర్ దగ్గర అంబేనళీ ఘాట్‌లో దాపోలీ వ్యవసాయ విశ్వవిద్యాలయం సిబ్బంది బస్సు లోయలో పడింది. ఒక్కరే బతికినారు. ఆయన పైకెక్కి చెప్తేనే లోకానికి తెలిసింది. వానలో, మంచులో ఆ లోయలోకి దిగి శవాలను పైకి తెచ్చినవాళ్లల్లో చుట్టుపక్కల ఊళ్ల ట్రెక్కర్లు ఉన్నారు.

మాకు మరిచిపోలేనిది ఇర్శాళ్‌వాడీ. రాయగఢ్ జిల్లాలో ఇర్శాళ్‌గఢ్ ఎక్కేవాళ్లు సగం దారిలో ఆగే ఠాకర్ గిరిజనుల పల్లె అది. మేమూ అక్కడ ఒక ఇంట్లో జొన్నరొట్టె తిని, దారి అడిగి పైకి పోయినాము. 2023 జులై 19 రాత్రి కొండచరియ ఆ పల్లె మీద పడింది. బండి పోయే దారి లేదు. పెద్ద యంత్రాలు పైకి చేరలేదు. ఎన్డీఆర్ఎఫ్ వాళ్లు, ట్రెక్కర్లు, పక్క ఊళ్లవాళ్లు వానలో నడిచి ఎక్కి, గడ్డపారలతో, పారలతో తవ్వినారు. 27 శవాలు దొరికినాయి. 57 మంది దొరకలేదు. నాలుగు రోజులకు వెతకడం ఆపేసినారు. మా లాంటివాళ్లకు నీళ్లిచ్చి దారి చూపినవాళ్ల దగ్గరికే అంబులెన్సు పోయే దారి లేదు. ఎక్కి దిగిపోయే మాకు అంతకుముందు ఆ లెక్క తట్టలేదు.

మన నందిలో 2022 ఫిబ్రవరి 20న ఒక విద్యార్థి దాదాపు 300 అడుగులు జారి బండల మధ్య ఇరుక్కున్నాడు. కింది నుంచి చేరలేకపోతే యలహంక నుంచి వాయుసేన హెలికాప్టర్ వచ్చి తీసుకుపోయింది. వైమానిక స్థావరం పక్కనే ఉండబట్టి అది అయింది. అన్ని కొండల పక్కనా యలహంక ఉండదు. అక్కడ ఉండేది మేకలు కాసేవాళ్లు, కట్టెలకు పోయేవాళ్లు.

అందుకే చదివేవాళ్లకు రెండు మాటలు. కొండెక్కే ముందు కింది ఊళ్లో ఎవరికైనా మీ పేరు, మీరెంతమంది, ఎప్పటికి దిగుతారు అనేది చెప్పి పోండి. దిగినాక మళ్లీ కనపడండి, లేకుంటే వాళ్లు మీకోసం లాంతరు పట్టుకొని బయలుదేరుతారు. రెండోది, మీ ఇండ్లల్లో ముసలివాళ్లు ఉంటే అడగండి: రోడ్డు లేని కాలంలో మన ఊళ్లో మనుషుల్ని ఆస్పత్రికి ఎవరు మోసినారు, దేంట్లో మోసినారు? మంచమా, దుప్పటా? పేర్లతో సహా రాసి పెట్టుకోండి. కోటలు గెలిచినవాళ్ల పేర్లు ఎట్లాగూ పుస్తకాల్లో ఉన్నాయి.