కొనడం మానుకుంటే బయానా తిరిగొస్తుందా?

ఏలూరులో స్థలానికో, తాడేపల్లిగూడెంలో ఇంటికో అడ్వాన్స్ ఇచ్చారు. తర్వాత వద్దనుకున్నారు. డబ్బు వెనక్కి వస్తుందా?

అగ్రిమెంట్‌లో ఏం రాసుకున్నారన్నదే కీలకం. ఒప్పందానికి హామీగా ఇచ్చిన బయానా అయితే, మీరు వెనక్కి తగ్గినప్పుడు అమ్మేవారు ఉంచేసుకోవచ్చని 2012లో సతీష్ బాత్రా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ షరతు మాత్రం స్పష్టంగా ఉండాలి. కేవలం ధరలో కొంత భాగంగా ఇచ్చిన సొమ్మును అలా ఉంచేసుకోవడం కుదరదు.

రెరా పరిధిలోని ఫ్లాట్ అయితే, రిజిస్టర్డ్ అగ్రిమెంట్ లేకుండా బిల్డర్ ధరలో 10 శాతానికి మించి తీసుకోకూడదు.

తప్పు అమ్మేవారిదైతే లెక్క వేరు. కొల్లేరు అభయారణ్యంలోని ప్రభుత్వ భూమిలో ఉన్న చేపల చెరువును సొంతమని చూపి బయానా తీసుకుంటే, మొత్తం తిరిగి అడగొచ్చు.

అందుకే సంతకానికి ముందే రద్దు షరతు చదవండి. డబ్బు బ్యాంకు ద్వారానే ఇవ్వండి, రసీదు దాచుకోండి.