రాజపాళయం కొండల బల్లులు
తెలుగు రాజులు తరతరాలుగా నివసిస్తున్న రాజపాళయానికి పడమరనున్న కనుమల్లో బల్లుల అధ్యయనం, మద్రాసు అటవీ అధికారి బెడ్డోమ్ దక్షిణాది సరీసృపాలను సేకరించి 1870 ప్రాంతంలో వర్ణించిన కాలం నాటిదే అయినా, అప్పటి వర్గీకరణకు ఆధారం పొలుసులు, రంగులు, కొలతలు మాత్రమే. 2024లో అక్షయ్ ఖాండేకర్, తేజస్ థాకరే, ఈశాన్ అగర్వాల్ శ్రీవిల్లిపుత్తూరు–మేఘమలై పులుల అభయారణ్యం నుంచి క్నెమాస్పిస్ ప్రజాతికి చెందిన రెండు కొత్త జాతులను ప్రకటించినప్పుడు, ఆ కొలతలకు తోడుగా మైటోకాండ్రియా డీఎన్ఏను, అంటే సాధారణంగా తల్లి నుంచే సంక్రమించి, అందులో పేరుకున్న మార్పులను బట్టి వంశాల మధ్య ఎడం తెలిపే జన్యుపదార్థాన్ని, పోల్చి చూశారు. పసుపు ముందుభాగం, వీపున లేత నీలి చుక్కలు గల జాతికి చిత్రకారుడు వాన్ గో పేరు, రెండోదానికి చతురగిరి కొండ పేరు దక్కాయి. బండరాళ్లను ఆశ్రయించుకుని బతికే ఈ చిన్న బల్లులు ఒకే కనుమ వాలుల్లో వేరు జాతులుగా చీలడం పరిణామ శాస్త్రానికి అమూల్యమైన సాక్ష్యం. ఇంత ఇరుకైన నెలవుల్లో ఒక్క కొండవాలు చెదిరినా ఒక వంశమే ప్రమాదంలో పడుతుంది.